"బిజినెస్" అని రాశాను

అడ్మిషన్ ఫారంలో "ఫాదర్ ఆక్యుపేషన్" అని ఒక గడి ఉంటుంది, గుర్తుందా? నాలుగేళ్ళలో ఆ గడిని నేను ఒక ఆరేడు సార్లు నింపి ఉంటాను. హాస్టల్ ఫారం, బస్ పాస్, మాక్ ఇంటర్వ్యూ ముందు ఇచ్చే షీటు... అన్నింట్లోనూ "బిజినెస్" అనే రాశాను. స్కాలర్‌షిప్ ఫారంలో ఒక్కచోటే నిజం రాశాను. అక్కడ నిజానికి డబ్బులొస్తాయి కదా!

మా నాన్న గోదావరిలో చేపలు పడతాడు. యానాం దగ్గర మా ఊరు. మన క్లబ్బులో రెండేళ్ళ పాటు మీ కథలకి ప్రూఫులు దిద్దాను. "శ్రమ" మీద రెండు కవితలు కూడా అచ్చేసుకున్నాను. ఈ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా రాయలేదు. ఇప్పుడు న్యూజెర్సీలో ఎమ్మెస్ చేస్తూ, ఇక్కడ చూసిన ఒక ఎగ్జిబిషన్ పుణ్యమా అని రాస్తున్నాను.

దాని పేరు ఫ్లై ఫిషింగ్ షో. చలికాలంలో అమెరికాలోని కొన్ని ఊళ్ళలో వరసగా జరుగుతుంది. మాకు దగ్గరగా ఎడిసన్‌లో, జనవరి చివర్లో. ఎడిసన్ అంటే మీకు కొత్త కాదు, మీ వీధిలో ఎవరో ఒకరి అన్నయ్యో బావో అక్కడే ఉండి ఉంటాడు. మనవాళ్ళు దోసెలకీ నగలకీ వెళ్ళే ఓక్ ట్రీ రోడ్డుకి ఈ షో జరిగే హాలు కొద్ది మైళ్ళ దూరమే. అయినా ఆ రోజంతా తిరిగితే నాకు కనిపించిన మన మొహాలు రెండో మూడో.

నేనూ చేపల మీద ప్రేమతో వెళ్ళలేదు. నా పని కార్బన్ ఫైబర్ మీద. మా ప్రొఫెసర్‌కి ఈ ఫిషింగ్ పిచ్చి ఉంది. "నువ్వు టెస్ట్ చేసే మెటీరియల్ ఎక్కడ వంగుతుందో ఓసారి చూసి రా" అని తన దగ్గర మిగిలిన టికెట్ ఇచ్చారు. శనివారం, బయట మంచు, రూంలో చేసే పనేం లేదు. వెళ్ళాను.

ముందు ఈ ఫ్లై ఫిషింగ్ ఏంటో చెప్పాలి. మామూలు గాలంలో చివర్న బరువుంటుంది. విసిరితే ఆ బరువు ముందుకెళ్తూ దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో అలా కుదరదు. కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టి పురుగులా తయారుచేస్తారు, అదే ఫ్లై. దానికి బరువే ఉండదు. అందుకని బరువంతా లైనుకే ఇస్తారు. విసిరేది లైనుని, పురుగు దాని వెనకాల పోతుంది. లైన్లకి నంబర్లుంటాయి. 5వ నంబర్ లైనైతే మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఆ 9 గ్రాముల్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఊపుతుంటే కర్ర స్ప్రింగులా వంగి, ఆ శక్తిని లైనుకిస్తుంది. మెకానిక్స్ ల్యాబులో మనం కాంటిలీవర్ బీమ్ అని రీడింగులు కాపీ కొట్టాం చూడండి, అదే ఇది!

హాలు నిండా కర్రలే. కొన్నిటి ధర వెయ్యి డాలర్లు దాటింది. వెదురుని ఆరు బద్దలుగా చీల్చి, అతికించి, షట్కోణంగా చేసే పాతకాలం కర్రలు వేరే ఉన్నాయి. ఆ వెదురు దక్షిణ చైనా నుంచి వస్తుంది. అలాస్కాకి రండి, అర్జెంటీనాకి రండి అని పిలిచే లాడ్జిల స్టాళ్ళు ఒక వరస. ఇంత ఖర్చూ పెట్టి వీళ్ళలో చాలామంది ఏం చేస్తారంటే, చేపని పట్టి, ఫొటో తీసుకుని, నీళ్ళలో వదిలేస్తారు.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. మా నాన్న వరద గోదావరిలో రాత్రంతా నావ మీద కూర్చుని, ఖాళీ వలతో తెల్లారి ఇంటికొచ్చిన రోజులు నేను చూశాను. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. అదే పని ఇక్కడ సరదా, హోదా, పైగా టికెట్టు కొనుక్కుని చూసే షో. తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను.

హాలు మధ్యలో ఒక పొడవాటి నీళ్ళ తొట్టి కట్టారు, విసరడం నేర్చుకోవడానికి. వరసలో నిలబడితే ఎవరికైనా కర్ర ఇస్తారు. నేర్పేది డెబ్భై ఏళ్ళ పెద్దాయన. నేను రెండుసార్లు విసిరాను, రెండుసార్లూ లైను నా నెత్తి మీదే కుప్పగా పడింది. ఆయన నా మణికట్టు పట్టుకుని ఒకటే మాట చెప్పాడు. వెనక్కి పోయిన లైను పూర్తిగా సాగేదాకా ఆగు, అప్పుడు ముందుకి తే అని.

నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న విసురు వల నేర్పాడు. అప్పుడు ఆయన అన్నమాట: "బలం ఎందుకురా? బరువు వల అంచులో ఉంటాది. దాన్ని తిరగనియ్యి, అదే ఇచ్చుకుంటాది." అంచుకి కట్టిన సీసం గుళ్ళు తిరుగుతూ బయటికి లాగితే వల గుండ్రంగా పరుచుకుంటుంది. రెండింటి కిటుకూ ఒకటే, బరువుకి దాని టైం దానికివ్వాలి. మూడోసారి ఆగి విసిరాను, లైను తిన్నగా పడింది. "ఇంతకుముందు చేశావా?" అని అడిగాడు పెద్దాయన. "మా నాన్న జాలరి" అన్నాను. ఇంగ్లీషులోనే అనుకోండి, కానీ అన్నాను. అంతే, ఆయన నన్ను వదల్లేదు. ఏ నది, ఏ చేప, వల కన్ను ఎంత, నూలా నైలానా, పోటుకి వెళ్తారా ఆటుకి వెళ్తారా... సగం ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. సొంత నాన్న పని మీద నాకు ఇంటర్నల్ పెడితే ఫెయిలయ్యేవాణ్ణి.

అక్కణ్ణుంచి ఫ్లైలు కట్టేవాళ్ళ బల్లల దగ్గరికి వెళ్ళాను. ఇక్కడ ఇంకో చిత్రం. వాళ్ళు వాడే ఈకల్లో ముఖ్యమైనవి కోడిపుంజు మెడ ఈకలు. వాటి కోసమే ప్రత్యేకంగా పుంజుల్ని పెంచుతారు. రంగుని బట్టి, చారని బట్టి ప్రతిదానికీ ఒక పేరు. నలుపు తెలుపు చారలుంటే గ్రిజ్లీ, బూడిద రంగైతే డన్, లేత గోధుమ రంగైతే జింజర్. అప్పటికి సంక్రాంతి వెళ్ళి రెండు వారాలు కాలేదు, ఇంటి నుంచి వచ్చిన పందెం వీడియోలు ఫోన్లో ఇంకా ఉన్నాయి. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని మా ఊళ్ళో చిన్నపిల్లాడు కూడా ఈక చూసి పుంజు పేరు చెప్తాడు. అదే బల్ల మీద మైనం చుక్కలు పెట్టినట్టు మెరిసే ఒక ఈక ఉంది. ఏంటని అడిగితే జంగిల్ కాక్ అన్నారు. అది మన దక్షిణాది అడవికోడి! 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దగ్గర దాన్ని వేటాడి అమ్మడం కుదరదు. ఇప్పుడు అమ్మేవి విదేశాల్లో పెంచిన కోళ్ళవి. మన అడవి పిట్ట మెడ ఈకకి ఇక్కడ ఇంత చరిత్ర ఉంటే, ఆ ఊసే నాకు తెలీదు.

నన్ను పూర్తిగా ఆపేసింది మాత్రం ఒక మూల ఉన్న చిన్న స్టాలు. కర్రల్లేవు, రీళ్ళు లేవు. ఒక నది మ్యాపు, కొన్ని ఫొటోలు. మస్కనెట్‌కాంగ్ అని న్యూజెర్సీలో ఒక చిన్న నది, డెలవేర్ నదిలో కలుస్తుంది. దాని మీద హ్యూస్‌విల్ దగ్గర పనికిరాకుండా మిగిలిపోయిన ఒక పాత ఆనకట్టని 2016లో తీసేశారు. తర్వాతి ఏడాదే షాడ్ అనే చేప ఆ చోటు దాటి పైకి వచ్చింది. షాడ్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. విన్నట్టుందా? అది మన పులసకి దగ్గర చుట్టం!

పులస ఎర్రనీరు రాగానే సముద్రం వదిలి గోదావరిలోకి వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మనమే అంటాం. వేలల్లో ధర పలికిందని ఏటా టీవీలో చూపిస్తారు. కానీ ఏ ఏడాది ఎన్ని పడ్డాయి, ఏ రేవులో, ఎంత సైజు, అంతకుముందు ఏడాదికీ దీనికీ తేడా ఏంటి, ఇవి మనలో ఎంతమందిమి అడిగాం? ధవళేశ్వరం ఆనకట్ట 1852 నుంచి ఉంది. అది లేకపోతే డెల్టాలో పచ్చదనం లేదు, మనం తినే అన్నం లేదు. దాన్ని తీసెయ్యమనే తెలివితక్కువవాణ్ణి కాను. అయితే ఆనకట్ట ఉంచుతూనే చేపకి దారి ఇచ్చే ఫిష్ ల్యాడర్లు అనే కట్టడాలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి. అన్నీ అన్ని చేపలకీ పనిచెయ్యవు. అందుకే అది మంచి సివిల్ ప్రాజెక్టు, మీరు గూగుల్లో దింపే పార్కింగ్ సిస్టమ్ ప్రాజెక్టు కంటే.

ఇప్పుడు నా అభిప్రాయం. ఈ షోలో నాకు గొప్పగా అనిపించింది వెయ్యి డాలర్ల కర్ర కాదు. ట్రౌట్ చేపలుండే వాగులో నీళ్ళు 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్ దాటితే గాలం వెయ్యకూడదని వీళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఆ వేడిలో పట్టి వదిలిన చేప తేరుకోలేక చచ్చిపోవచ్చు. అందుకని జేబులో థర్మామీటర్ పెట్టుకుని తిరుగుతారు. ఏ నెలలో ఏ పురుగు రెక్కలు కట్టుకుని నీళ్ళ మీదికొస్తుందో పుస్తకాల్లో రాసుకుంటారు. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ 1959లో మిషిగన్‌లో మొదలైంది, దాన్ని పెట్టింది కూడా ఇలా గాలాలు వేసేవాళ్ళే. సరదాకి మొదలైన పని నదికి కాపలా దాకా వెళ్ళింది, ఎందుకంటే వాళ్ళు చూసింది రాసుకున్నారు, రాసుకున్నది పట్టుకుని ఆఫీసుల్లో కూర్చున్నారు.

"కడుపు నిండినవాళ్ళ కబుర్లు" అంటారని తెలుసు. నిజమే. ఆకలి మీద చేపలు పట్టేవాణ్ణి ఈరోజు నీళ్ళు వేడిగా ఉన్నాయి, వెళ్ళకు అంటే కుదరదు. పట్టి వదిలెయ్యడం కూడా అందరూ మెచ్చే పనేం కాదు. వదిలెయ్యడం కోసమే చేపని పట్టడాన్ని స్విట్జర్లాండ్ 2009 నుంచి ఒప్పుకోవట్లేదు. తినని చేపని నొప్పించడం ఎందుకని నాక్కూడా అనిపిస్తుంది. మా నాన్నైతే అది వింటే దణ్ణం పెట్టేస్తాడు.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ పెద్దాయనకి తెలిసినంతా మా నాన్నకీ తెలుసు. అష్టమికి పోటు ఎందుకు మెత్తగా ఉంటుందో, అమావాస్యకి ఎందుకు ఎగదన్నుతుందో, నీటి రంగు మారిన ఎన్నో రోజుకి ఏ చేప దిగుతుందో అన్నీ తెలుసు. తేడా ఏంటంటే ఆయన్ని అడిగేవాళ్ళున్నారు. మా నాన్నని అడగాల్సినవాణ్ణి నేను. నేను "బిజినెస్" అని రాస్తూ కూర్చున్నాను. ఇంట్లో మొదటిసారి ఇంగ్లీషు, కంప్యూటరు, డేటా అన్నీ తెలిసిన మనిషి ఒకడు పుడితే, వాడు చేసిన మొదటి పని ఇంటి పనిని కాలమ్‌లోంచి కొట్టెయ్యడం.

నాన్న పని గొప్పది కాబట్టి మనమూ అదే చెయ్యాలని నేననట్లేదు. నాకా పని వద్దు, నేను ఆ పనిలోకి రావడం మా నాన్నకి అసలే వద్దు. ఆయన నన్ను చదివించిందే అందుకు. పని వదిలేసుకోవచ్చు. అందులో ఉన్న విద్యని కూడా మురిక్కాలవలో వదిలెయ్యక్కర్లేదు.

ఆ రాత్రి, అంటే మనకి ఆదివారం పొద్దున్న, ఇంటికి ఫోన్ చేశాను. "నాన్నా, పులస బాగా పడిన ఏడాది ఏది?" అని అడిగాను.

"నీకెందుకురా ఇయ్యన్నీ? సదువుకోక."

"చదువుకే నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నలభై నిమిషాలు ఆపలేదు. ఆయనకి సంవత్సరాలు అంకెల్లో ఉండవు. 86 వరద ముందు, 96 తుఫాను తర్వాత, అక్క పెళ్ళి ఏడాది, నువ్వు పదో తరగతి పాసైన ఏడాది... అలా ఉంటాయి. నేను ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి ఒక్కోటీ ఎక్కించాను. ఏడాది, రేవు, నీటి రంగు, ఎన్ని చేపలు. పదకొండు వరసలొచ్చాయి. ఒక మనిషి జ్ఞాపకం డేటా అవుతుందా అని మీలో స్టాటిస్టిక్స్ వాళ్ళు అడుగుతారు. ఒక్కడిదైతే కాదు. మా రేవులో ఆ వయసువాళ్ళు ఇరవై మందైనా ఉన్నారు.

మన మ్యాగజైన్‌కి నా విన్నపం చిన్నదే. ప్రతి సంచికలో ఒక పేజీ "ఇంటి పని" అని పెట్టండి. మగ్గం నేసేవాళ్ళ పిల్లలున్నారు మన కాలేజీలో, కల్లు గీసేవాళ్ళ పిల్లలు, బోర్లు వేసేవాళ్ళ పిల్లలు, టైలర్ల పిల్లలు ఉన్నారు. కవిత్వం చెయ్యకండి, నాలా "శ్రమ" అని హెడ్డింగులు పెట్టకండి. కొలతలు రాయండి, పనిముట్ల పేర్లు రాయండి, ఏ పని ముందు, ఏది తర్వాత, ఎక్కడ తప్పితే ఏం పోతుంది అని రాయండి. మొదటి పేజీ నేను పంపిస్తాను.

ఫోన్ పెట్టేసే ముందు నాన్న, "ఇంకా శానా ఉన్నాయి, మల్లీ ఎప్పుడు సేత్తావు?" అని అడిగాడు. నాలుగేళ్ళ హాస్టల్లో ఆయన ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. వచ్చే ఆదివారం అన్నాను.