మూలిక అయినంత మాత్రాన విషం కాకపోదు

‘మూలికల మందే కదా! మేలు చేయకపోయినా కీడు చేయదు.’ ఈ మాటను మీరెన్నిసార్లు విన్నారో, ఎందరికి చెప్పారో ఒక్కసారి గుర్తుచేసుకోండి. మన సమాజంలో ఇంతగా ప్రాణాల మీదికి తెచ్చే ఓదార్పు మాట మరొకటి లేదు.

ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, వసనాభి: ఇవన్నీ ప్రకృతి ప్రసాదించినవే. ఇవి విషాలని ప్రాచీన వైద్యులకు బాగా తెలుసు. సుశ్రుత సంహితలోని కల్పస్థానం విషాలకే కేటాయించినది. వసనాభిని శుద్ధి చేయనిదే వాడరాదని శాస్త్రమే విధించింది. మన ఔషధ నియమావళిలోని షెడ్యూల్ ఇ-1లో ఈ నాలుగింటితో పాటు నల్లజీడి, పాదరసం, గౌరీపాషాణం, సింధూరం కూడా విషద్రవ్యాలుగానే ఉన్నాయి. ఇవి కలిసిన మందును లోపలికి తీసుకోవాలంటే వైద్య పర్యవేక్షణ అవసరమన్న హెచ్చరికను సీసాపై ముద్రించి తీరాలి. శాస్త్రమూ చట్టమూ విషమన్నదాన్ని ‘నిరపాయం’ అనే అధికారం అమ్మేవాడికి ఎవరిచ్చారు?

2004లో అమెరికా వైద్యులు బోస్టన్ పరిసరాల దుకాణాల్లో దొరికే, దక్షిణాసియాలో తయారైన 70 ఆయుర్వేద మందులను పరీక్షించారు. వాటిలో 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో బయటపడింది. అంటే అయిదింట ఒకటి! 1990ల తొలినాళ్లలో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన స్త్రీలు ఎందరో మూత్రపిండాలు పోగొట్టుకున్నారు. కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సరు కూడా వచ్చింది. అందుకు కారణం అరిస్టొలోకియా జాతి మొక్క. మన ఈశ్వరవేరు, గాడిదగడపాకు ఆ జాతివే.

ఈ విషాలలో చాలావరకు అరిచి చెప్పవు. సీసం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, నీరసం కనిపిస్తాయి. రోగి డాక్టర్ల చుట్టూ తిరుగుతాడు. ‘ఏ మందులు వాడుతున్నారు?’ అని అడిగితే ‘ఏమీ లేవండీ’ అంటాడు. రోజూ తేనెలో రంగరించి మింగే పొడి అతని లెక్కలో మందే కాదు!

‘ఇంగ్లీషు మందులకు దుష్ఫలితాలు లేవా?’ అని మీరడగవచ్చు. ఉన్నాయి. కొన్ని ప్రాణాంతకం కూడా. కానీ అవి ఏమిటో పరీక్షించి, రాసిపెట్టి, మోతాదు నిర్ణయించారు. పేరులేని పొట్లంలో ఏముందో ఇచ్చినవాడు చెప్పడు, తిన్నవాడు అడగడు. రెండు రోజుల్లో కీళ్లనొప్పులు మాయం చేసే పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. ఏమి తింటున్నామో తెలియకపోవడమే అసలు ప్రమాదం.

ఆయుర్వేదాన్ని నిజంగా గౌరవించేవారే ముందుగా ఈ ప్రశ్నలు లేవనెత్తాలి. కల్తీ, అశుద్ధి, అజ్ఞానం వల్ల ఆ శాస్త్రానికి జరిగే నష్టం విమర్శకుల వల్ల జరగదు.

కనుక పాఠకులారా, పేరు, పదార్థాల వివరాలు, లైసెన్సు నంబరు లేని మందును నోట పెట్టకండి. గర్భిణులకు, పసిపిల్లలకు, కాలేయ, మూత్రపిండ వ్యాధులున్నవారికి అర్హుడైన వైద్యుని సలహా లేకుండా ఏ భస్మమూ, ఏ పసరూ ఇవ్వకండి. మీరు వాడే ప్రతి పొడినీ, ప్రతి లేహ్యాన్నీ మీ డాక్టరుకు చూపించండి. ‘ఇందులో ఏముంది?’ అని అడిగితే కోపం తెచ్చుకునే వాని దగ్గర మందు కొనకండి.