పిల్లల భద్రత కొనుక్కునే సరుకా?

హైదరాబాద్, బెంగళూరు అపార్టుమెంట్లలో పాకే పిల్లలున్నవారు ఇప్పుడు ఇంటి భద్రతకు నిపుణులను పిలిపిస్తున్నారు. వాళ్లు గది గదీ చూసి బాల్కనీకి వల కడతారు. ప్లగ్ రంధ్రాలకు మూతలు పెడతారు. మీద పడే అల్మారాను గోడకు బిగిస్తారు. మందులు, ఫినాయిల్ ఉన్న అరలకు తాళం వేస్తారు. దీన్ని దుబారా అని నేను అనను. బకెట్ నీళ్లు చాలు, పసిబిడ్డ ప్రాణం పోవడానికి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ప్రాణాలు కాపాడుతుంది.

నా ప్రశ్న వేరు. పదో అంతస్తు అంచున నిలబడి వల కట్టే కార్మికుడి బిడ్డను ఆ వేళ ఎవరు చూస్తున్నారు? అదే భవనానికి ఇటుకలు మోసిన తల్లి తన బిడ్డను ఎక్కడ పడుకోబెట్టింది? యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలకు గది, శిక్షణ పొందిన ఆయాలు ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఆ చట్టం ప్రకారం సరిగ్గా యాభై మందే ఉంటే గది అక్కర్లేకపోయేదన్నమాట!

అద్దె ఇళ్లలో పిల్లల్ని పెంచే నా తోటి పరిశోధకులకైతే గోడకు మేకు కొట్టాలన్నా యజమాని అనుమతి కావాలి.

ప్రసవానికి ముందు తల్లికి విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనమని, ఆ ఖర్చు ప్రభుత్వమూ భరించాలని బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో వాదించారు. పుట్టిన బిడ్డకూ అదే న్యాయం వర్తించాలి. ఆర్‌సీసీబీ, బాల్కనీ రక్షణ ప్రతి ఇంటి అనుమతికీ షరతు కావాలి. పని స్థలంలో ఒక్క బిడ్డ ఉన్నా సంరక్షణ గది ఉండాలి.