అశ్వశక్తికి అసలు వెల

డీజిలు లారీ యింజనునకు గాలిని, ఇంధనమును అధికముగ నందించిన అశ్వశక్తి పెరుగునని పలువురు తలంతురు. పెరుగును, కాని వేడిమియు పెరుగును. పిస్టనులు కరగవచ్చును, క్లచ్చి జారవచ్చును, గేర్లు విరుగవచ్చును. కావున రేడియేటరు, క్లచ్చి, ఇరుసు, బ్రేకులు అన్నిటిని తగినట్లు బలపరుపవలెను. అసలు వెల యిదియే.

అంతటితో తీరదు. మన నల్లకుంటకు చేరువనున్న ముషీరాబాదులోని రోడ్డు రవాణా సంస్థకు మూలమైన నిజాము రాష్ట్ర రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమయ్యెను. అనగా బస్సొకటికి సుమారు ఆరుగురు! బండి నమ్మకముగ నడచుటకు యంత్రమొక్కటే చాలదు. నడపువారు, పరీక్షించువారు, మరమ్మతు చేయువారు కావలెను.

విద్యార్థులారా, లారీ కొనదలచిన తండ్రులారా, ఇంజను వెలనే లెక్కించి బ్రేకుల యెడ పొదుపు చేయకుడు. ఆ పొదుపునకు బాటసారులు ప్రాణములతో వెల చెల్లింతురు.