వెనక్కి వచ్చే దారి

చిన్న వ్యాపారస్థులు సర్వరు మార్చాలనుకోగానే ముందుగా అడిగేది కొత్త యంత్రం ఖరీదెంత అని. నన్నడిగితే అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. కొత్తదానిలో తేడా వస్తే వెనక్కి వచ్చే దారి ఏమిటన్నది మొదట తేల్చుకోవాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 సంగతే చూడండి. దాని పొడిగింపు మద్దతు 2024 జూలై 9తో ముగిసింది కనుక మారక తప్పదు. దానిలో తీసిన బ్యాకప్‌ను 2022లో నేరుగా ఎక్కించుకోవచ్చు. 2022లో తీసినదాన్ని మాత్రం 2014 ససేమిరా అంగీకరించదు. సోమవారం ఉదయం కొత్త సర్వరులో నాలుగు బిల్లులు పడ్డాక వెనుదిరగవలసి వస్తే, ఆ నాలుగింటినీ పాతదానిలో మళ్ళీ ఎక్కించుకోవాలి. నాలుగైతే సరే, నాలుగు వందలైతే?

అందుకే అసలు మార్పుకు ముందు ఒక రిహార్సలు జరిగి తీరాలని నా పట్టు. నిన్నటి బ్యాకప్‌ను కొత్త యంత్రంలో ఎక్కించి, దుకాణం గుమాస్తా చేతనే ఒక బిల్లు, ఒక జీఎస్టీ నివేదిక తీయించి, బాకీల మొత్తాన్ని పాతదానితో సరిచూడాలి. ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. లాగిన్లూ, రాత్రిపూట బ్యాకప్ తీసే జాబ్‌లూ డేటాబేసు వెంట వాటంతటవి రావు. ఆ సంగతి అప్పుడే బయటపడాలి. (మార్చి నెలాఖరున ఈ పని పెట్టుకుంటే లెక్కలు చూసేవారి శాపనార్థాలు తగులుతాయి.) పాత సర్వరును నెలరోజులైనా కదపకుండా ఉంచాలి.

ఖాతాదారుల పేర్లు తెలుగులోనే ఉండాలనే మనబోటి వారికి మరొక మాట. మామూలు వార్‌చార్ కాలమ్‌లో తెలుగు వేస్తే ప్రశ్నార్థకాలే మిగులుతాయి, తరువాత కాలమ్ మార్చినా అక్షరాలు తిరిగి రావు. ఎన్‌వార్‌చార్ కావాలి, లేదా 2019లో వచ్చిన యూటీఎఫ్-8 కొలేషన్. రిహార్సల్లో ఒక్క తెలుగు పేరైనా వేసి చూడండి, వత్తులున్నదైతే మరీ మంచిది.