ప్లాటు మనది, జ్వరం పక్కింటిది

వానలు పడటం మొదలైతే మా ఓపీలో నేను అడిగే ప్రశ్నల్లో ఇంకొకటి చేరుతుంది. జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగాక, “మీ ఇంటి పక్కన ఏముంది?” అంటాను. నందిపేట్ వాళ్లయినా, ఆర్మూర్, బోధన్ కాలనీల వాళ్లయినా తరచుగా చెప్పే జవాబు ఒకటే. “ఖాళీ జాగ ఉంది సార్. ఓనరు ఎక్కడో ఉంటడు.”

కొన్నేళ్ల కిందట ఒక తల్లి డెంగ్యూ వచ్చిన కొడుకును తీసుకొచ్చి ఇదే మాట చెప్పింది. ఏ కాలనీ అని అడిగితే, నేను ప్లాటు కొన్న కాలనీయే. ఆ ఆదివారం వెళ్లి చూశాను. నా ప్లాటులో నడుము ఎత్తు పిచ్చిమొక్కలు పెరిగాయి. ఎవరో పడేసిన పాత టైరులో, కొబ్బరి బొండాల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ బాబుకు జ్వరం నా జాగ నుంచే వచ్చిందని రుజువు చేయలేను. రాలేదని చెప్పే ధైర్యమూ నాకు లేదు.

అమెరికాలో గడ్డి కాస్త పెరిగితే సిటీ వాళ్లు నోటీసు ఇస్తారని అక్కడున్న మన పిల్లలు చెబితే విని నవ్వుకుంటాం. మన దగ్గరా నిబంధనలు ఉన్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం పారిశుధ్యాన్ని, పచ్చదనాన్ని స్థానిక సంస్థల ముఖ్య బాధ్యతలుగా పెట్టాయి. ఖాళీ స్థలాన్ని శుభ్రంగా ఉంచుకోవాల్సింది యజమానే. ఉంచకపోతే పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ నోటీసు ఇచ్చి, తామే శుభ్రం చేయించి ఆ ఖర్చు అతని దగ్గర వసూలు చేయవచ్చు. చాలామంది దీన్ని వేధింపు అనుకుంటారు. డాక్టరుగా నాకు మాత్రం ఇది టీకా లాంటి నిబంధన. ఒకరు పాటిస్తే పక్కవాళ్లకూ రక్షణ.

డెంగ్యూ దోమ మోరీలో కాదు, నిలిచిన మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. వాడని రోలు, గోలెం, కూలర్, పూలకుండీ కింది పళ్లెం, మూత లేని సంపు దానికి చాలు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి డ్రై డే పాటించమనేది అందుకే. పైగా దాని గుడ్లు నీళ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపలి అంచు రుద్ది కడగాలి. ఆ దోమ పుట్టిన చోటి నుంచి ఎక్కువ దూరం పోదు. కుట్టేది మనల్నీ మన పక్కింటివాళ్లనే.

రెండోది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న నల్లి పిల్లలు కుడితే వస్తుంది. కుట్టిన ఒకటి రెండు వారాలకు జ్వరం మొదలవుతుంది. చంకలోనో గజ్జల్లోనో నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉండవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది గమనించరు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతో తగ్గుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. జ్వరం తగ్గకపోతే ఇంటి చుట్టూ పొదలున్న సంగతి మీ డాక్టరుకు మీరే చెప్పండి.

ఇక వయ్యారిభామ వల్ల చర్మంపై దురదలు, కొందరిలో ఆయాసం వస్తాయి. చెత్త ఉన్నచోట ఎలుకలు, ఎలుకల వెనుక పాములు వస్తాయి.

“ముందు పంచాయతీ వాళ్లను మోరీలు తీయమనండి” అని నన్ను అడిగినవాళ్లున్నారు. న్యాయమైన మాటే, అడగాల్సిందే. కానీ ఏ పారిశుధ్య కార్మికుడూ మీ గేటు తాళం తీసి సంపు మూత పెట్టలేడు.

మన జిల్లాలో ఇంకో చిక్కు ఉంది. చాలా ప్లాట్లు గల్ఫ్ సంపాదనతో కొన్నవి. అక్కడ ఎండలో పనిచేసి కొనుక్కున్నవాడిని దోషిగా చూడటం నాకు ఇష్టం లేదు. అయితే జాగ కాగితాలు ఎవరికో ఒకరికి అప్పజెప్పి పోతాం కదా, దాని శుభ్రత కూడా అన్నకో బావమరిదికో అప్పజెప్పి పోవాలి. అధికారులు కూడా నోటీసులు జ్వరాలు వచ్చాక కాదు, మే నెలలోనే ఇవ్వాలి. యజమాని ఫోన్ నంబరు పన్ను రికార్డులో ఉంటే సగం పని అయినట్టే.

శుభ్రం అంటే అన్నీ నరికేయడం కాదు. చాలా రకాల చెట్లు కొట్టడానికి వాల్టా చట్టం కింద ముందుగా అనుమతి కావాలి. తంగేడు, గునుగు లేకపోతే మనకు బతుకమ్మ ఎక్కడిది? తీయాల్సింది నీళ్లు నిలిచే సామాను, వయ్యారిభామ, ఇంటి గోడలకు ఆనుకున్న పొదలు. గుంతల్లో మొరం నింపాలి. గడ్డి మందు కొట్టి వదిలేస్తే టైరులో నీళ్లు అట్లాగే ఉంటాయి. ఎండుటాకులు కాలిస్తే ఆ పొగతో పక్కింటి ముసలాయనకు ఆయాసం ఎక్కువై మళ్లీ మా దగ్గరికే వస్తాడు. ఆకులు ఒక మూల గుంతలో వేస్తే ఎరువవుతుంది.

ఇప్పుడు నా ప్లాటును వానలకు ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి బాగు చేయిస్తున్నాను. ఒక వేప, రెండు తంగేడు మొక్కలు ఉంచాను. అయినా ఎవరో ఒకరు చెత్త పడేస్తూనే ఉన్నారు. అందుకే పక్కింటి వాళ్లకు నా ఫోన్ నంబరు ఇచ్చాను. నెలకోసారైనా ఫోన్ చేస్తారు. విసుగ్గా ఉన్న రోజు కూడా ఆ ఫోన్ ఎత్తుతాను. మీ ఖాళీ జాగ పక్కన ఉండేవాళ్ల దగ్గర మీ నంబరు ఉందా?