టీకా వేశారు సరే, పనిచేసిందా?

కర్దనూర్, పటాన్‌చెరు వైపు నుంచి డయాలసిస్‌కు వెళ్లేవారిని హెపటైటిస్-బి గురించి అడిగితే ‘టీకా వేయించుకున్నాం సార్’ అంటారు. అది సగం పనే. కిడ్నీలు దెబ్బతింటే రోగనిరోధక కణాలు మందగిస్తాయి. టీకా వేసినా యాంటీబాడీలు తక్కువగా తయారవుతాయి. షుగర్ తోడైతే ఇంకా తగ్గొచ్చు. ఈ వైరస్ రక్తం ద్వారా సోకుతుంది కనుక డయాలసిస్‌లో ముప్పు ఎక్కువ. అందుకే వారికి మామూలు 20 మైక్రోగ్రాముల బదులు 40 ఇస్తాం.

చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్ష చేయించండి. ఫలితం 10 యూనిట్లకు తగ్గితే మళ్లీ టీకాలు వేయించాలి. తర్వాత ఏటా ఈ పరీక్ష తప్పదు. డయాలసిస్ దాకా ఆగకండి. కిడ్నీ జబ్బు బయటపడగానే టీకా గురించి డాక్టర్‌ను అడగండి. ప్రతి డయాలసిస్ కార్డు మీదా టీకా తేదీ పక్కన ఈ పరీక్ష ఫలితమూ ఉండాలి.