సభలో తెలుగు, వంటింట మౌనము

మన సంఘముల వార్షికోత్సవములలో ప్రతి సంవత్సరమును ఒక మాట తప్పక వినబడును. "ఈ గడ్డమీద మన తెలుగు నిలిచినదనగా అది మన యిండ్లలోని స్త్రీల చలువయే" అని వక్తలు సెలవిత్తురు. సభ్యులు కరతాళ ధ్వనులు చేయుదురు. ఆ మాటను మేమును పలుమారులు వింటిమి, అందఱితోపాటు చప్పట్లు కొట్టితిమి. కాని యిప్పుడు దానిని కాదనుటకే కలము పట్టితిమి. అది ప్రశంస కాదు. ప్రశంస రూపమున ఒకరి తలకెత్తిన బరువు. ఆ బరువును భార్యకు అప్పగించి, భర్త సభలో ముందు వరుసన కూర్చుండుటకు అది చక్కని సాకు.

బళ్ళారియైనను, బరంపురమైనను, హోసూరైనను, షోలాపురమైనను నేటి దంపతుల సాయంకాలము ఒక్క తీరుననే సాగుచున్నది. ఇరువురును ఉద్యోగములు చేయువారే. రాత్రి ఏడు దాటిన పిదప ఇల్లు చేరుదురు. ఆమె చేతిసంచి దించి, కాళ్ళు కడుగుకొని, బియ్యపు డబ్బా మూత తీయును. ఆయన కుర్చీలో చేరగిలబడి సెల్‌ఫోను చేతబట్టును. బిడ్డ మఱియొక గదిలో మఱియొక తెర ముందుండును. ఇంటిలో వినవచ్చునది కుక్కరు ఈల యొక్కటియే. అలసట మిక్కుటమైననాడు అదియు లేదు. మీట నొక్కిన అరగంటకు హోటలు పొట్లము గుమ్మము చేరును. ముగ్గురును మూడు చోట్ల తిని, మూడు కంచములను తొట్టిలో వేయుదురు. ఈ యింట తెలుగు నిలుచునా, పోవునా అని మనము సభలు చేసి చర్చించుచున్నాము. మాటయే లేనిచోట భాష యెక్కడిది?

గీతలు మాఱినప్పుడు మన భాష పోలేదని జ్ఞప్తికి తెచ్చుకొందము. 1936 ఏప్రిలు 1న ఒడిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు బరంపురపు తెలుగువారు అందు చేరిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించిననాడే బళ్ళారి మైసూరునకు పోయినది. 1954లో యానాము ఫ్రెంచివారి చేతినుండి విడివడినది. 1960లో తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకు చేరినది. కచేరీ భాష మాఱినది, బడి భాష మాఱినది. తమిళనాట 2006 నాటి చట్టము పదవ తరగతి వఱకు తమిళమును క్రమముగా నిర్బంధ పాఠ్యము చేసినది. బడిలో తెలుగునకు చోటు కోరుట న్యాయమే. దానికై సంఘములు వినతిపత్రములు వ్రాయవలసినదే. కాని ఏ ప్రభుత్వమును మాన్పని పాఠశాల యొకటి మనకున్నది. అది రాత్రి వంట, రాత్రి భోజనము. దానిని మాన్పుచున్నవారము మనమే.

ఆ పాఠశాలలో నేర్పు మాటలు ఏ వాచకమునను దొరకవు. అన్నము వండుటకు ముందు ఎసరు పెట్టవలెను. ఎసరు కాగిన పిదప బియ్యము పోయవలెను. గంజి వార్చిన అన్నము వేఱు, సరిపడు నీటితోనే దింపిన అత్తెసరు వేఱు. కూర మగ్గవలెను, అడుగంటరాదు. పచ్చడిని కలుపుకొనుట వేఱు, నంజుకొనుట వేఱు. ఆవాలు చిటపటలాడించు ఆ యొక్క పనిని ఒకరు పోపనిరి, ఒకరు తాలింపనిరి, మఱియొకరు తిరగమోత యనిరి. బిడ్డ ఏ మాట పలుకునో దానినిబట్టి వాని ముత్తాతలు ఏ సీమనుండి కదలివచ్చిరో ఊహింపవచ్చును. ఈ మాటలు పుస్తకమునుండి కంఠస్థము చేయునవి కావు. ఇద్దరు పెద్దలు పొయ్యిదగ్గఱ నిలిచి మాటలాడుకొనుచుండగా, మూడవ చిన్నవాడు విని పట్టుకొనునవి. అందులకు ఇద్దరు కావలెను. ఒంటరిగా వండు స్త్రీ ఎవరితో మాటలాడును? పప్పుగుత్తితోనా?

"మా యింట అట్లు కాదు" అని కొందఱందురు. లెక్క చూడుడు. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఆఱేండ్లు పైబడిన స్త్రీలలో నూటికి 81 మంది ఏదో ఒక జీతములేని ఇంటిపని చేయుచుండగా, పురుషులలో 26 మంది మాత్రమే అందు పాల్గొనిరి. చేయువారిలోనైనను స్త్రీకి దినమునకు 299 నిమిషములు పట్టగా, పురుషునకు 97 నిమిషములే. ఇది దేశమంతటి లెక్క. మన యిండ్లు దీనికి మినహాయింపని చెప్పుకొను ధైర్యము మనకు గలదా?

ఇక, వంట మగవాని పని కాదను వాదము. ఈ మాట అన్యులు అన్నను తగునేమో గాని తెలుగువాడు అనరాదు. రుచిగల వంటను మనము నలభీమపాక మందుము. నలుడును భీముడును పురుషులే. విరాటుని కొలువున వలలుడై గరిటె పట్టినందున భీముని గదకు లోటు రాలేదు. పెండ్లివంటలలో గాడిపొయ్యికడ నిలుచువారు మగవారే. కూలి యిచ్చిన చేయదగిన పని, కట్టుకొన్నదానికి తోడుగా చేసిన ఎట్లు చిన్నతనమగును? వంట రాదనుటయు చెల్లదు. మదరాసున నివసించిన మాలతీ చందూర్ గారు వ్రాసిన "వంటలు–పిండివంటలు" ఎన్నో ముద్రణలు పొందిన పుస్తకము. చదువ నేర్చినవాడు చారు కాచ నేర్వలేడా?

అలసట మాట నిజము. కాని మేము విందు కోరుట లేదు. వారమున అయిదు రాత్రులు అన్నము, చారు, ఒక వేపుడు, కందిపొడి, మజ్జిగ చాలును. ఉదయము చింతపండు నానవేసి పోయిన, సాయంకాలము సగము పని తీఱినట్లే. ఒకరు కూర తరిగినప్పుడు ఒకరు బియ్యము కడుగవలెను. ఒకరు తాలింపు వేసినప్పుడు ఒకరు కంచములు పెట్టవలెను. కుక్కరు దిగు లోపల ఆనాటి కష్టసుఖములు చెప్పుకొనవచ్చును. ఒక్కరు చేసిన గంటన్నర పట్టు పని, ఇద్దరు చేసిన ముప్పావు గంటలో ముగియును. మిగిలినది కాలము మాత్రమే కాదు, ఆమె ఓపికయు.

"ఇరుగుపొరుగు భాషకు తలుపు మూయుదుమా" అని మఱికొందఱు అడుగుదురు. ఆ మాట మా నోట రాలేదు. బరంపురపు తెలుగింట దాల్మా ఉడుకును. బళ్ళారి యింట బిసిబేళెబాతు ఉడుకును. షోలాపురపు యింట వేరుసెనగ చట్నీ లేక భాకరీ దిగదు. అవి మన వంటలే. దాల్మా తినుచు తెలుగు మాటలాడవచ్చును, గోంగూర తినుచు తెలుగు మఱచిపోవచ్చును. వంటకము పేరు ముఖ్యము కాదు, కంచముల చుట్టు సాగు మాట ముఖ్యము.

హోసూరున మేమెఱిగిన యొక యింట కోడలు తమిళ యింటి ఆడపడుచు. పెండ్లినాడు పెద్దలు "ఈ తరముతో తెలుగు సరి" యని నిట్టూర్చిరి. ఆ అబ్బాయి కర్మాగారమున ఉద్యోగి. పగటి షిఫ్టు ఉన్న వారములలో రాత్రి వంట తనదే. ఆమె ప్రక్కన నిలిచి తరుగును. ఆయన తెలుగున అడుగును, ఆమె వచ్చినంత తెలుగున, రానిది తమిళమున బదులు చెప్పును. ఒకనాడు మేము పోయియున్నప్పుడు అయిదేండ్ల కూతురు వంటింటి గడపన నిలిచి, "నాయనా, ఎసరు కాగిందా?" యని అడిగినది. ఇరుప్రక్కల తెలుగే యున్న మా యిండ్లలో ఆ మాట విని ఎన్నాళ్ళైనదో తలచుకొని మేము సిగ్గుపడితిమి.

ఇంక ఆదివారము. ఈ సెలవు ఊరక వచ్చినది కాదు. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘమును స్థాపించిన నారాయణ మేఘాజీ లోఖండే ఏండ్ల తరబడి పోరాడగా, 1890లో మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు లభించినది. బొంబాయి మిల్లులలో మన తెలుగు పద్మశాలీలును పాటుపడిరి. అట్లు సాధించుకొన్న దినమును మనమేమి చేయుచున్నాము? ఆమెకు ఆదివారమనగా వారమునకు సరిపడు పిండి రుబ్బుట, బట్టలుతుకుట. ఆయనకు ఆదివారమనగా సంఘపు కార్యవర్గ సమావేశము. పదింటికి మొదలైన సభ ఒంటిగంటకు గాని ముగియదు. అక్కడను బజ్జీలు వేయు భారము మహిళా విభాగమునదే. ఈ సంచిక కొఱకు మేమును ఎన్నో ఆదివారములు ఇల్లు విడిచితిమి. ఆ మధ్యాహ్నములలో మా యిండ్ల వంట యెవరు చేసిరో, ఎవరితో మాటలాడుచు చేసిరో మేమెన్నడును అడుగలేదు. తప్పు మాలోనే మొదలైనది గనుక దిద్దుబాటును మాతోనే మొదలు పెట్టుచున్నాము.

సంఘములవారికి మేము చేయు మనవి యిది. ఆదివారము సమావేశములు మానుడు. పనిదినముల రాత్రి భోజనవేళను తాకక, నెలకొక శనివారపు ఉదయము చాలును. మహిళలకు వంటలపోటీ పెట్టి బహుమతిగా గిన్నె ఇచ్చు ఆచారమును మానుడు. పోటీ పెట్టినచో దంపతులిరువురును పొయ్యికడ నిలువవలెనని నియమము చేయుడు. దంపతులకు మా మనవి యింకను చిన్నది. ఆదివారము సగము పూట మీరిరువురును ఉంచుకొనుడు. బరంపురమువారికి గోపాలపురపు సముద్రతీరమున్నది, యానామువారికి గౌతమీ గట్టున్నది, షోలాపురమువారికి సిద్ధేశ్వరుని చెఱువున్నది, బళ్ళారివారికి కోటగుట్ట యున్నది. చద్దికి పులిహోర కట్టుకొని పోయి, అక్కడ కూర్చుండి, పిల్లలకొక కథ చెప్పుడు. కథ రాకున్నను, మీ తాత ఈ యూరికెట్లు వచ్చెనో అదియే చెప్పుడు.

తెలుగును కాపాడుడని స్త్రీలకు విన్నవించుట ఇకనైనను మానుదము. కత్తిపీటకు ఈవల ఒకరు, పొయ్యికి ఆవల ఒకరు నిలిచి, "ఉప్పు సరిపోయినదా, చూడు" అని ఒకరినొకరు అడుగు నిండ్లలో తెలుగును ఎవరును ప్రత్యేకముగా కాపాడనక్కఱలేదు. రేపు సోమవారము. చింతపండు నానవేయుట మగవారి వంతు.